గ్యాస్ అనుకున్నాను

మా సడ్డకుడికి ఏ మంచి జరిగినా నాకు కడుపు మండేది. దాచుకునే వయసు దాటింది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. వరసకు తమ్ముడు, వయసులో నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఒకే ఇంటి అల్లుళ్ళం కావడం ఒక తంటా. ఒకే దేశంలో, ఒకే కంపెనీలో, ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకుని బతకడం ఇంకో తంటా. కింది మంచం నాది, పై మంచం వాడిది. అక్కడ కూడా వాడే పైన.

వాణ్ణి ఖతర్‌కు రప్పించింది నేనే. పాస్‌పోర్టు కాపీ పట్టుకుని క్యాంప్ బాసు చుట్టూ నెల రోజులు తిరిగాను. మా అత్త ఊళ్ళో అందరికీ "మా దుబాయ్ అల్లుళ్ళు" అని చెప్పుకునేది. దుబాయ్ వేరు, ఖతర్ వేరు అని నేను ఫోన్లో వివరించబోతే, "ఏదైతేంది బిడ్డా, ఇద్దరు ఒక్కతాన ఉన్నరు గద" అనేది. వాడు వచ్చేనాటికి నేను అక్కడ ఆరేళ్ళుగా స్కఫోల్డర్‌ని. ఇనుప గొట్టాలు, క్లాంపులు, పలకలు బిగించి, ఎత్తున నిలబడి పనిచేసేవాళ్ళకు మంచెలు కట్టడం నా పని. వరల్డ్‌కప్ కోసం దేశమంతా తవ్వకాలు, క్రేన్లు, దుమ్ము. మేము ఒక స్టేడియం పనిలో ఉన్నాం.

వాడు ఇంటర్ పాసయ్యాడు, ఇంగ్లీషు చదవగలడు. ఏడాది తిరక్కుండానే సేఫ్టీ డిపార్ట్‌మెంటులోకి తీసుకున్నారు. నాది నీలం హెల్మెట్టు, వాడిది ఆకుపచ్చది. ఒకరోజు నేను పైన గొట్టం బిగిస్తున్నాను, నడుము పట్టీకి ఉండే కొక్కెం తగిలించుకోలేదు. కింద నుంచి విజిల్ వినిపించింది.

"అన్నా! హుక్ ఎయ్యి!"

ఇరవై మంది తలలెత్తి చూశారు. తప్పు నాదే, పడితే చచ్చేవాణ్ణే. అయినా ఆ రోజు నుంచి నాకు ఆ ఎత్తు గుర్తులేదు, వాడి విజిలే గుర్తుంది. వీసా నేను ఇప్పిస్తే నాకే విజిల్ వేస్తాడా అని రెండు రోజులు వాడితో కలిసి అన్నం తినలేదు. వాడికి అది తెలియనే లేదు. పెరుగు ప్యాకెట్టు తెచ్చి నా మంచం మీద పెట్టి పోయాడు.

సిగరెట్టు సంగతికి వస్తాను. మాది ఆర్మూరు వైపు, బీడీలు చుట్టే ఊరు. మా అమ్మ చుట్టింది, నా భార్య చుడుతుంది. తునికాకు, తంబాకు ఉన్న చాట ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళ మధ్య పెరిగాను. నోట్లో బీడీ ఎప్పుడు మొదలైందో నాకే సరిగ్గా తెలియదు. ఖతర్ వచ్చాక సిగరెట్టుకు మారాను, అదొక ప్రమోషన్ అనుకున్నాను. రోజుకు ఒక ప్యాకెట్టు, శుక్రవారం సెలవు కాబట్టి ఇంకాస్త.

మా సడ్డకుడు కూడా నాతో పాటే తాగేవాడు. ఉన్నట్టుండి మానేశాడు. సెలవుకు ఇంటికి పోయొచ్చిన ఒక ఫిలిప్పీన్ అతను సూట్‌కేసు అడుగున దాచి తెచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఒకటి వీడి చేతికి వచ్చింది. ఖతర్‌లో దాన్ని అమ్మడం నిషేధం. పేరు పలకకుండా క్యాంప్‌లో అందరూ దాన్ని పెన్ను అనేవాళ్ళు. నోట్లో పెట్టుకుని పీలిస్తే పండిన మామిడిపండు వాసన వేసే తెల్లటి మబ్బు వచ్చేది.

"పొగ గాదన్నా, ఆవిరి" అన్నాడు. "జలుబు జేస్తే ఆవిరి పట్టమా? గట్లాంటిదే. గుండెకేం గాదు."

ఆ ఆవిరి మీద నాకు పుట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు. నా వేళ్ళు పసుపు రంగుకు తిరిగాయి, వాడి వేళ్ళు శుభ్రం. నా దుప్పటి కంపు, వాడి దుప్పటి మామిడిపండు. గదిలో ఉన్న మిగతా నలుగురూ ముచ్చట్లకు పై మంచం ఎక్కి కూర్చునేవాళ్ళు. నా మంచం మీద ఎవరూ కూర్చోరు, బట్టలకు వాసన పడుతుందట. నేను బయట చెత్తడబ్బా పక్కన నిలబడి తాగి లోపలికి వచ్చేసరికి నవ్వులు వినిపించేవి. నన్ను చూసే నవ్వారని ఖాయం చేసుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నాకు ఛాతీ మధ్యలో బరువు మొదలైంది. గొట్టాలు భుజాన వేసుకుని మూడో వరస ఎక్కేసరికి ఎవరో అరచేత్తో అదిమినట్టు ఉండేది. కాసేపు ఆగితే పోయేది. మా వైపు నడుముకూ మెడకూ మధ్య ఎక్కడ నొప్పి వచ్చినా దానికి ఒకటే పేరు, గ్యాస్. పొద్దున తిన్న పరోటా అనుకున్నాను, శనగపప్పు అనుకున్నాను. సోడా తాగి రెండు త్రేన్పులు వస్తే నయమైందనుకునేవాణ్ణి. నిజానికి నయం చేసింది త్రేన్పు కాదు, సోడా కోసం ఆగిన ఆ పది నిమిషాలు. అది చాలా తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం ఇద్దరం దోహా నడిబొడ్డున ఉన్న ముషైరిబ్ పోయాం. మెట్రో కొత్తగా మొదలైంది, చూద్దామని అందరితో పాటు మేమూ ఎక్కాం. స్టేషన్‌లో దిగాక వాడు కదిలే మెట్లు వదిలేసి మామూలు మెట్లు పట్టాడు, సరదాకి. నేనెందుకు తగ్గాలి? నేనూ అవే ఎక్కాను. సగంలో బరువు వచ్చేసింది. బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగి కూర్చున్నాను. నా బూట్లకు తాళ్ళు లేవని వాడు గమనించాడు.

"అన్నా, ఏమైతాంది?"

"గ్యాసు రా."

"గ్యాసు మెట్లెక్కితెనే వస్తదా? ఓపాలి డాక్టర్‌కు సూపిచ్చుకోరాదు."

వాడి గొంతులో భయం ఉంది. నేను దాన్ని భయంగా వినలేదు. సేఫ్టీవాడు కదా, నా పేరు పక్కన ఏదో రాసుకుంటున్నాడు అనుకున్నాను. డాక్టరు ఫిట్ కాదంటే ఎత్తు మీద పని బంద్. నేల మీద స్కఫోల్డర్‌కు పనేముంటుంది? విమానమే. నేను కట్టిన మంచెల మీద లేచిన స్టేడియంలో వీడు కూర్చుని ఆట చూస్తాడు, నేను ఊళ్ళో టీవీ ముందు కూర్చుంటాను. ఆ బొమ్మ కళ్ళ ముందుకు వస్తే ఛాతీ బరువు కంటే అదే ఎక్కువ నొప్పి.

ఆ సాయంత్రమే అల్ దోహా అల్ జదీదా పేటలో తెలిసిన ఒకతని గదికి పోయి నేనూ ఒక పెన్ను సంపాదించాను. పుచ్చకాయ వాసనది. వీడు మెట్లు ఎక్కగలగడానికి కారణం ఆవిరే అని నా లెక్క. సిగరెట్టు మానేద్దామనే కొన్నాను. మానలేదు. బయట సిగరెట్టు, లోపల పెన్ను, రెండూ నడిచాయి. సిగరెట్టుకు ఒక చివర ఉంటుంది, కాలి అయిపోతుంది. పెన్నుకు అదీ లేదు. బాత్రూంలో, దుప్పటి కింద, బస్సు వెనక సీట్లో, పీల్చుతూనే ఉన్నాను.

స్టేడియంలో కాంక్రీటు పని తగ్గాక కొందరిని రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ ప్లాంటు మరమ్మతు పనికి పంపుతామన్నారు. జాబితాలో నా పేరుంది, వాడి పేరు లేదు. వాడు స్టేడియంలోనే ఉంటాడు, గడ్డి వేసే దాకా. మళ్ళీ మండింది. పోయే ముందు ఫిట్‌నెస్ పరీక్ష. కంపెనీ డాక్టరు ఈజిప్టు మనిషి, మాకు భాష చాలదు కాబట్టి సేఫ్టీవాళ్ళే పక్కన నిలబడి మా మాట ఇంగ్లీషులో చెప్పాలి. ఆ రోజు నా పక్కన నిలబడింది మా సడ్డకుడే.

కళ్ళు చూశారు, బీపీ చూశారు. తర్వాత ప్రశ్నలు.

"మెట్లెక్కితే ఛాతీల నొస్తదా అని అడుగుతుండు" అన్నాడు వాడు, నా కళ్ళలోకి చూస్తూ.

"లేదని జెప్పు."

"పొగ తాగుతవా అని."

"బంద్ జేసిన అని జెప్పు."

వాడు డాక్టరు వైపు తిరిగి రెండింటికీ "నో" అన్నాడు. ముద్ర పడింది. బయటికి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్నా, నేను తప్పు జేసిన. నువ్వే లోపటికి పోయి నిజం జెప్పు. దండం వెడ్త."

"జెప్తే ఇంటికి పంపుతరు. గదే గద నీకు గావల్సింది" అన్నాను. "నేను వోతె ఒక్కనివే రాజువైతవ్."

వాడి ముఖం మాడిపోయింది. చెయ్యి వదిలేశాడు. నేను రాస్ లఫాన్ పనివాళ్ళుండే అల్ ఖోర్ క్యాంప్‌కు పెట్టె సర్దుకునే దాకా మా మధ్య మాట లేదు. పోయే రోజు వాడు పై మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పడుకోలేదని నాకు తెలుసు.

రాస్ లఫాన్‌లో గేటు దగ్గరే లైటర్లు, సిగరెట్లు, పెన్నులు, ఫోన్లు అన్నీ పెట్టెలో వేయాలి. లోపలంతా గొట్టాల్లో గ్యాస్, చిన్న నిప్పు చాలు. మధ్యాహ్నం దాకా పొగ లేకుండా ఉండాలి కాబట్టి బస్సు ఎక్కే ముందు వరసగా మూడు సిగరెట్లు తాగేవాణ్ణి. ప్రతి మనిషి ఛాతీకి అగ్గిపెట్టెంత మీటరు తగిలించి ఉంటుంది, విషపు గ్యాస్ తగిలితే కూస్తుంది. కూస్తే ఏం చేయాలో మొదటి రోజే నేర్పారు. ఎత్తున కట్టిన గుడ్డ సంచి గాలికి ఏ వైపు ఊగుతోందో చూడాలి, గాలికి అడ్డంగా నడిచి అందరూ చేరే చోటికి పోవాలి, ఎవరినీ అడగకూడదు, ఆగకూడదు.

చలి మొదలైన నెల. పొద్దున పది గంటలు. గొట్టం ఎత్తి పైవాడికి అందిస్తున్నాను. బరువు వచ్చింది, ఈసారి ఆగినా పోలేదు. దవడ లాగింది, ఎడమ చెయ్యి మొద్దుబారింది, చల్లగాలిలో చొక్కా తడిసిపోయింది. పలక మీద కూలబడ్డాను. నాతో పనిచేసే నేపాలీ అతను కంగారుగా వంగి, ఏమైంది అని హిందీలో అడిగాడు.

నాకు తెలిసింది ఒకటే మాట. అదే చెప్పాను. "గ్యాస్... గ్యాస్."

ఏ ఊళ్ళో ఏ మాట అంటున్నానో నాకు తోచలేదు. అతను నా ముఖం చూశాడు, నా చెయ్యి ఛాతీ మీద ఉండటం చూశాడు, గొంతు చించుకుని అరిచాడు, "గ్యాస్! గ్యాస్!" కింద ఇంకొకడు అందుకున్నాడు, అక్కడి నుంచి ఇంకొకడు. తర్వాత సైరన్ మోగింది. తలలన్నీ గుడ్డ సంచి వైపు తిరిగాయి. వందల మంది పనిముట్లు ఎక్కడివక్కడ వదిలేసి గాలికి అడ్డంగా నడవడం మొదలుపెట్టారు. నేను పడుకుని, "కాదు, కడుపులో గ్యాస్, కడుపులో" అని తెలుగులో గొణుగుతున్నాను. నా మీటరు కూయడం లేదని ఎవరూ చూడలేదు. వీపున గాలి సిలిండర్లు కట్టుకున్న నలుగురు వచ్చి నన్ను తాళ్ళతో కిందికి దించారు.

క్లినిక్‌లో ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, ఛాతీకి వైర్లు తగిలించారు. వాళ్ళు గ్యాస్ కోసం వెతికితే గుండె దొరికింది. కాగితం మీద గీతలు చూసి డాక్టరు కేకేశాడు, అంబులెన్సు కదిలింది. గుండెకు పోయే ఒక నాళం మూసుకుపోయిందట. మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి, దాన్ని తెరిచి, లోపల స్టెంటు పెట్టారు. ఇదే నొప్పి మా క్యాంప్‌లో వచ్చి ఉంటే సోడా తాగి ముసుగు తన్ని పడుకునేవాణ్ణి. పొద్దునకు లేచేవాణ్ణి కాదు.

ఆసుపత్రిలో ఒక నర్సు రాజమండ్రి వైపు ఆవిడ. తెలుగు వినపడగానే ప్రాణం లేచొచ్చింది. ఏమేం తాగుతానో అడిగితే మొదటిసారి నిజం చెప్పాను. పెన్ను మాట రాగానే, అది పొగ కాదు సిస్టర్, ఆవిరే అన్నాను.

"ఆవిరంటే వేణ్ణీళ్ళదండీ అన్నయ్యగారూ" అందావిడ. "దాంట్లో ఉండేది నికోటినండి. లోపలికెళ్ళిందంటే గుండె పరిగెడతది, బీపీ పెరుగుతది, నాళాలు బిగుసుకుంటాయి. సిగరెట్టు పొగ ఇంకా ఘోరమండి, నాళాల లోపలి గోడలు పాడుచేసి రక్తం గడ్డకట్టేలా చేస్తది. మీరేమో రెండూ కలిపి లాగించేశారు."

అప్పుడు నేను అడిగిన ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ తల వాలిపోతుంది. నేను బతుకుతానా అని అడగలేదు. "మరి మా సడ్డకునికేం గాలె గద సిస్టర్?" అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఇప్పటికి కాలేదండి. ఆ పెన్నులొచ్చి ఎన్నాళ్ళయిందని? ఎన్నేళ్ళకి ఏం చేస్తాయో పూర్తిగా ఇంకా ఎవరికీ తెలీదు. గుండెకి మంచిదని మాత్రం ఏ డాక్టరూ చెప్పడండి."

సాయంత్రం నాలుగింటికి చూడటానికి వదిలారు. వాడు వచ్చాడు. స్టేడియం నుంచి అలాగే, బూట్లకు సిమెంటుతో. మంచం దగ్గరికి రాలేదు, తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాడు.

"నేనే 'నో' అన్న అన్నా" అన్నాడు. "నా నోటితోనే అన్న."

జేబులోంచి పెన్ను తీశాడు. నర్సు చేతిలో పెట్టి, పారేయమన్నాడు. అంతే. ఆ సాయంత్రం తర్వాత వాడు పెన్నూ ముట్టలేదు, సిగరెట్టూ ముట్టలేదు.

మర్నాడు కంపెనీ డాక్టరు దగ్గరికి పోయి, నా జవాబులు అబద్ధమని తెలిసీ వాడు అలాగే ఇంగ్లీషులో చెప్పినట్టు ఒప్పుకున్నాడట. ఆకుపచ్చ హెల్మెట్టు రెండు నెలలు తీసేసుకున్నారు. ఆ సంగతి గదిలోవాళ్ళు వచ్చి చెప్తే నాకు సంతోషం కలిగింది. గుండెలో స్టెంటు పెట్టుకుని, మంచం మీద పడుకుని, సంతోషించాను. సిగ్గు తర్వాత వచ్చింది.

నెల తర్వాత నన్ను ఇంటికి పంపారు. మానడం నా వల్ల అంత తొందరగా కాలేదు. మూడుసార్లు మానేసి మూడుసార్లు మళ్ళీ పట్టాను, అది కూడా నా భార్య చుట్టిన బీడీల కట్టలోంచే దొంగిలించి. ఏడాదికి పైగా పట్టింది. దెబ్బ తగిలింది నా గుండెకు, ఒక్క పూటలో మానేసింది వాడు. నా గుండెపోటు కూడా వాడికే పనికొచ్చిందని కుళ్ళుకున్నాను. ఇంతకంటే దిగజారడానికి చోటు లేదని తెలిసినా కుళ్ళుకున్నాను.

వరల్డ్‌కప్ మొదటి ఆటకు వారం ఉందనగా, మధ్యాహ్నం వాడు వీడియో కాల్ చేశాడు. స్టేడియంలోనే సేఫ్టీ డ్యూటీ, మెడలో కార్డు, తలకు ఆకుపచ్చ హెల్మెట్టు. పై వరసకు ఎక్కుతూ ఫోన్ తిప్పి చూపించాడు. కింద గడ్డి, కళ్ళు చెదిరే పచ్చదనం.

"అన్నా, నువ్వు మంచె గట్టిన జాగ గిదే. యాదికుందా?"

నేను గడ్డి చూడలేదు. వాడి ఛాతీ చూస్తున్నాను, ఆయాసం వస్తుందేమోనని. రాలేదు. అన్ని మెట్లెక్కి మామూలుగా మాట్లాడుతున్నాడు. నా భార్య వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఎట్లున్నడు మరిది?" అంది తలెత్తకుండా.

"మంచిగున్నడు. దమ్ము గూడ వస్తలేదు వానికి."

"మరి మీకెందుకు గంత కడుపుమంట?" అని నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఉత్తగనే, ఛాతీ మీద చెయ్యేసుకుని, "మంట గాదే, గ్యాసు" అన్నాను.

చాట ఎగిరిపడింది. తంబాకు వాకిలంతా చిమ్మింది. ఆమె వచ్చి నా రెండు భుజాలు పట్టుకుంది. ఫోన్లో వాడి ముఖం పాలిపోయింది. "అన్నా! కూసో! వదినా, బండి పిలువు! గోలి నాలిక కింద వెట్టు!" అని అంత స్టేడియం మారుమోగేలా అరుస్తున్నాడు. వాడి వెనక ఉన్నవాళ్ళు తిరిగి చూస్తున్నారు.

"ఏం గాలె తమ్మీ" అన్నాను. "ఉత్తగనే అన్న."

వాడు నవ్వలేదు. అన్ని మెట్లెక్కినా రాని ఆయాసం అప్పుడు వచ్చింది వాడికి. మెట్టు మీద కూలబడి, హెల్మెట్టు తీసి పక్కన పెట్టి, చాలాసేపు నా ముఖమే చూస్తూ ఉండిపోయాడు.